ఆసుపత్రి రేడియోలో ఎక్కువగా కోరే పాటలు, గాయకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు ఆసుపత్రిలో చేరినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, పెన్ను పట్టుకొని ఒక మనిషి మంచం పక్కకు వచ్చి "ఈ సాయంత్రం మీకు ఏ పాట వేయమంటారు?" అని అడిగితే, ఇదేదో అమ్మకం వ్యవహారం అనుకొని "మాకేమీ వద్దండీ" అని పంపించివేస్తుంటారు. ఇంగ్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో కొన్నేళ్లుగా ఆ అట్ట పట్టుకొని తిరుగుతున్నవారిలో నేనూ ఒకడిని. వార్డుల్లోనూ, మనవారి ఇళ్లలోనూ నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఆసుపత్రి రేడియో అంటే ఏమిటి? ఎప్పుడు మొదలైంది?

ఒక ఆసుపత్రిలోని రోగుల కోసమే, చాలావరకు అదే ప్రాంగణంలోని చిన్న స్టూడియో నుంచి, జీతం లేని వాలంటీర్లు నడిపే రేడియో ఇది. బ్రిటన్‌లో దీని చరిత్ర 1925లో యార్క్ కౌంటీ ఆసుపత్రితో మొదలవుతుంది. అక్కడ 200 పడకల దగ్గర హెడ్‌ఫోన్లు, భవనమంతటా 70 లౌడ్‌స్పీకర్లు అమర్చి సంగీతాన్నీ ప్రసంగాలనూ వినిపించారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, మంచం దిగలేని అభిమానుల కోసం ఫుట్‌బాల్ మైదానాల నుంచి టెలిఫోను తీగల మీద వ్యాఖ్యానం పంపడంతో చాలా ఊళ్లలో ఈ సేవ వేళ్లూనుకుంది. పిల్లల ఆసుపత్రుల కోసం పుట్టిన రేడియో లాలీపాప్ 1970ల చివరలో సర్రేలోని కార్షాల్టన్‌లో మొదలై తరువాత ఇతర దేశాలకూ వ్యాపించింది. బీబీసీ రేడియో 2లో దశాబ్దాల పాటు ఉదయపు కార్యక్రమం నడిపిన కెన్ బ్రూస్ తొలి అడుగులు వేసింది గ్లాస్గో ఆసుపత్రి ప్రసార సేవలోనే.

అన్నిటికంటే ఎక్కువగా కోరే పాట ఏది?

నిజం చెప్పాలంటే, అన్నిటికంటే ఎక్కువగా వినిపించే కోరిక "ఏదైనా పరవాలేదు" అన్నదే. మంచం మీద ఉన్న మనిషికి ఎవరో వచ్చి హఠాత్తుగా ఇష్టమైన పాట చెప్పమంటే వెంటనే ఏదీ తోచదు. అప్పుడు మేమే "సినాట్రా వేయమంటారా, ఎల్విస్సా, అబ్బానా?" అని అందిస్తాం. వారు ముగ్గురిలో ఒకరిని ఎంచుకుంటారు, మేము దానిని వారి కోరికగా రాసుకుంటాం. అందుచేత ఏ ఆసుపత్రి రేడియో అయినా తమ అగ్రస్థానపు పాటల పట్టికను ప్రకటిస్తే, అందులో రోగుల ఇష్టం ఎంత, వాలంటీరు నోట్లో ఆడుతున్న పేర్లు ఎన్ని అన్న సందేహం నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఆ సందేహాన్ని పక్కన పెట్టి, ఎవరూ అందించకుండా రోగి నోటి నుంచే వచ్చే పాటలను చూస్తే, మా చీటీలలో మళ్లీ మళ్లీ కనబడేది ఫ్రాంక్ సినాట్రా పాడిన "మై వే". 1967 నాటి ఒక ఫ్రెంచి పాట వరుసకు పాల్ ఆంకా ఇంగ్లీషు మాటలు రాయగా 1969లో విడుదలైన ఈ పాట, బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎన్నడూ చేరకపోయినా, తొలి 40 స్థానాలలో మొత్తం 75 వారాలు నిలిచింది. విశేషమేమిటంటే, ఈ దేశంలో అంత్యక్రియలలో వినిపించే పాటల జాబితాలలోనూ ఏళ్ల తరబడి ఇదే ముందు వరుసలో ఉంటోంది. ఒకే పాటను జబ్బుపడినవారు కోరుకోవడం, పోయినవారికోసం వేయడం మొదట్లో నాకు ఇబ్బందిగా తోచేది. కోరినవారు మాత్రం ఆ సంగతి బాగా తెలిసే, చాలాసార్లు నవ్వుతూనే కోరుతారు.

దానితో పోటీపడేది "యూల్ నెవర్ వాక్ ఎలోన్". 1945 నాటి అమెరికన్ సంగీత నాటకం కోసం పుట్టిన ఈ పాటను 1963లో లివర్‌పూల్ బృందం జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ మొదటి స్థానానికి చేర్చింది. అక్కడి ఫుట్‌బాల్ అభిమానులు దానిని తమ గీతంగా చేసుకున్నారు. 2020 ఏప్రిల్‌లో, నూరవ పుట్టినరోజుకు దగ్గరపడిన మాజీ సైనికుడు కెప్టెన్ టామ్ మూర్ తన తోటలో వాకర్ ఆసరాతో నడిచి బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ కోసం విరాళాలు సేకరించిన రోజుల్లో, ఆయనా గాయకుడు మైకేల్ బాల్, ఆరోగ్య సేవ సిబ్బంది బృందగానంతో కలిసి ఇదే పాటను మళ్లీ మొదటి స్థానంలో నిలిపారు. అప్పటి నుంచి రోగులే కాక నర్సులు కూడా తమ వార్డు తరఫున దీనిని కోరుతున్నారు.

గాయకులలో ఎవరికి ఎక్కువ కోరికలు వస్తాయి?

సినాట్రా, ఎల్విస్ ప్రెస్లీ, బీటిల్స్, అబ్బా, నీల్ డైమండ్, జిమ్ రీవ్స్ పేర్లు లేని వారం ఉండదు. జిమ్ రీవ్స్ 1964లో విమాన ప్రమాదంలో మరణించాడు. అయినా ఆయన "డిస్టెంట్ డ్రమ్స్" 1966లో ఇక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. నెమ్మదైన, తొందరలేని ఆ గొంతు హెడ్‌ఫోన్లకు సరిగ్గా అమరుతుంది. మన దేశంలోనూ ఆయనకు అభిమానులు ఉండటంతో, ఇక్కడికి వచ్చి స్థిరపడిన భారతీయ వైద్యులు కొందరు రోగులుగా మారినప్పుడు ఈ పేరే చెప్పడం చూశాను.

మనవారు ఆసక్తిగా వినే విషయం మరొకటి ఉంది. పెద్దవయసు మహిళలు ఇప్పటికీ ముచ్చటగా కోరే ఇద్దరు గాయకులు మన నేల మీద పుట్టినవారే. క్లిఫ్ రిచర్డ్ అసలు పేరు హ్యారీ వెబ్. 1940లో లక్నోలో పుట్టి, 1948లో కుటుంబంతో ఇంగ్లండ్ వచ్చాడు. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ అసలు పేరు ఆర్నాల్డ్ డోర్సీ. 1936లో, తెలుగు జిల్లాలకు కూడా రాజధానిగా ఉన్న మద్రాసులో పుట్టి లెస్టర్‌లో పెరిగాడు. 1960ల మొదట్లో క్షయ సోకి నెలల తరబడి ఆసుపత్రిలో గడిపాడు. తరువాత 1967లో ఆయన "రిలీజ్ మీ" పాట బీటిల్స్ రికార్డును మొదటి స్థానానికి రానివ్వకుండా అడ్డుకుంది. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆయన పాట కోరేవారికి ఈ క్షయ సంగతి చెబితే, సగం జబ్బు తగ్గినట్టు మొహం పెడతారు.

ఎందుకు అన్నీ పాత పాటలే?

ఇది సంగీతం ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న. మనిషి జ్ఞాపకాలలో అన్నిటికంటే గట్టిగా నిలిచేవి సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపువని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చేది ఎక్కువగా వృద్ధులకే. 2025లో 80 ఏళ్లున్న మనిషి 1945లో పుట్టి, 1963లో పద్దెనిమిదేళ్ల వయసులో ఉంటారు. అంటే బీటిల్స్ తొలి విజయాల కాలంలో నాట్యశాలలకు వెళ్లినవారన్నమాట. 65 ఏళ్లవారు అబ్బా బృందం "డాన్సింగ్ క్వీన్" విడుదలైన 1976లో పదహారేళ్లవారు. వచ్చిన చీటీలు చూసి, మంచం మీద ఉన్న మనిషి పుట్టిన సంవత్సరాన్ని అయిదేళ్ల తేడాలో చెప్పగలను. ఇది గొప్పకు చెప్పడం లేదు, మా స్టూడియోలో కొత్తగా చేరినవారు కూడా ఆరు నెలల్లో ఈ విద్య పట్టుకుంటారు.

తెలుగువారిలోనూ ఇదే లెక్క. 1970ల మొదట్లో వైద్యులుగా ఈ దేశం వచ్చినవారు ఘంటసాల పాటనో, సుశీల పాటనో కోరతారు. వారి తరువాత వచ్చినవారికి, 1980లో శంకరాభరణం చూసిన కుర్రకారుకు, బాలసుబ్రహ్మణ్యం తప్ప మరొకరు గుర్తుకు రారు.

అందరూ వీరా లిన్ పాటే అడుగుతారని విన్నాం. నిజమేనా?

ఒకప్పుడు నిజం. ఇంగ్లీషు గాయని వీరా లిన్ గొంతులో 1939లో రికార్డయిన "వీల్ మీట్ అగైన్" యుద్ధకాలపు ఎడబాటుకు గుర్తుగా మిగిలిపోయింది. 1944లో వీరా లిన్ బర్మా యుద్ధరంగానికి వెళ్లి పద్నాలుగవ సైన్యం ఎదుట పాడింది. ఆ సైన్యంలో అత్యధికులు భారతీయ సైనికులే అన్న సంగతి ఇక్కడి జ్ఞాపకాల్లో తరచుగా జారిపోతుంది. 2009లో, 92 ఏళ్ల వయసులో, ఆమె పాటల సంపుటి బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2020 ఏప్రిల్ 5న రాణి ఎలిజబెత్ కోవిడ్ సందర్భంగా చేసిన ప్రసంగం ఆ పాట పల్లవిని తలపించే మాటలతోనే ముగిసింది. అదే సంవత్సరం జూన్‌లో వీరా లిన్ 103 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

అయితే యుద్ధానికి వెళ్లిన తరం ఇప్పుడు దాదాపుగా లేదు. నేటి రోగులలో ఈ పాట కోరేవారు తమకోసం కోరరు, "అమ్మ పాడుకునేది" అని కోరతారు. వృద్ధులంటే వీరా లిన్ అనుకొని అడగకుండానే ఆ పాట వేసే వాలంటీర్లను చూస్తే నాకు చిరాకు. డెబ్బై అయిదేళ్ల పెద్దాయన ఒకరు నా సహచరుడితో "బాబూ, నేను పింక్ ఫ్లాయిడ్ మనిషిని" అన్నారు. ఆ రాక్ బృందం అభిమాని మాట రాసిన కాగితం ఇప్పటికీ మా స్టూడియో గోడ మీద ఉంది.

వార్డును బట్టి కోరికలు మారతాయా?

మారతాయి. ఎముకల వార్డులో హాస్యం ఎక్కువ. తుంటి మార్పిడి చేయించుకున్నవారు 1961 నాటి హెలెన్ షపీరో "వాకింగ్ బ్యాక్ టు హ్యాపీనెస్" కోరి, ఫిజియోథెరపీ అమ్మాయి పేరు చెప్పి ఆమెకు అంకితం ఇవ్వమంటారు. ప్రసూతి వార్డు నుంచి కొత్త తండ్రులు స్టీవీ వండర్ "ఈజ్‌ంట్ షీ లవ్లీ" అడుగుతారు. ఆయన ఆ పాటను తనకు పుట్టిన కూతురి కోసమే చేశాడు. పిల్లల వార్డులో ఒకే పాటను మంచానికి ఒకరు చొప్పున కోరడం మామూలు. అందరి పేర్లూ చదివి ఒక్కసారే వేయాలి, లేకపోతే నర్సుల చేత చీవాట్లు తప్పవు.

వేయకూడని పాటలు ఉంటాయా?

రాతపూర్వకమైన నిషేధం మా దగ్గర లేదు, ఇంగితం ఉంది. స్వర్గం తలుపు తట్టే పాటలు, "మరొకడు మట్టికరిచాడు" అనే అర్థం వచ్చే క్వీన్ బృందం పాట వంటివి మేమై మేము వేయం. రోగి స్వయంగా, తెలిసి కోరితే ఆలోచిస్తాం. అయితే ఆ ఒక్కరూ వింటున్నప్పుడు మిగతా వార్డులూ వింటున్నాయన్నది మరవకూడదు. దీనికి వింతైన మినహాయింపు, "బతికే ఉండటం" అనే అర్థం వచ్చే బీ జీస్ పాట "స్టేయిన్ ఎలైవ్". గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఈ పాట తాళం దాదాపు 103. అందుకే బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ 2012లో దీనినే ప్రచార చిత్రంలో వాడి జనానికి గుండె నొక్కడం నేర్పింది. గుండె వార్డులో దీనికి మంచి గిరాకీ.

తెలుగువారి విషయంలో మాత్రం నేను ఒక జాగ్రత్త తీసుకుంటాను. ఘంటసాల భగవద్గీత గురించి తెలియని ఇంగ్లీషు సహచరుడు ఒకరు, "హిందూ రోగులకు భక్తి సంగీతం" అన్న ఉత్సాహంతో దానిని సాయంత్రపు కార్యక్రమంలో చేర్చారు. ఆ గొంతు, ఆ శ్లోకం వీధిలో వినబడితే ఎవరింట్లో ఎవరు పోయారోనని మనవారు తలుపు తీసి చూస్తారని, మా ఊళ్లలో శవయాత్ర బండి మీద మోగేది అదేనని నేను వివరించేసరికి ఆయన మొహం పాలిపోయింది. గీతలో తప్పేమీ లేదు, అది ఇంట్లో పొద్దున్నే భక్తిగా వినేవారూ ఉన్నారు. కానీ ఆపరేషను ముందు రోజు రాత్రి ఆసుపత్రి మంచం మీద, అడగకుండా వినిపించదగినది మాత్రం కాదు.

తెలుగు పాట కోరవచ్చా? వేస్తారా?

నిస్సంకోచంగా కోరవచ్చు. వేయగలమా లేదా అన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: మా దగ్గర చట్టబద్ధంగా కొన్న రికార్డింగు ఉండాలి, మీరు చెప్పిన పాటను మేము గుర్తుపట్టగలగాలి. రెండవదే కష్టం.

ఇంగ్లీషు రోగి గాయకుడి పేరుతో పాట కోరతారు. తెలుగు రోగి నటుడి పేరుతో కోరతారు. కంప్యూటరులో పాటలన్నీ గాయకుడి పేరు కిందే ఉంటాయి కాబట్టి, "రామారావు పాట" అని చీటీలో రాస్తే వెదకడానికి ఏమీ దొరకదు. కొడుకు దగ్గరకు వచ్చి, మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో పలకరించగానే పాట సంగతి వదిలేసి, "ఏ ఊరు బాబూ మీది? అమ్మావాళ్లూ ఎక్కడుంటారు? భోజనం చేశావా?" అని అడిగారు. పది నిమిషాల తరువాత పాట దగ్గరకు వచ్చాం. "నాగేశ్వరరావు పడవలో పాడతాడే, ఆ పాట" అన్నారు. సినిమా పేరు గుర్తు లేదు. పల్లవి సగం దగ్గర ఆగిపోయింది. చివరికి చరణం కూనిరాగం తీస్తూ, దుప్పటి మీద వేళ్లతో తాళం వేశారు. ఆ తాళాన్ని ఫోనులో రికార్డు చేసుకొని, వారి కోడలికి వినిపించి, ఆమె విజయవాడలోని తన తండ్రికి ఫోను చేస్తే పాట తేలింది. గొంతు ఘంటసాలదే. ఆయన ఇద్దరు హీరోలకూ పాడారని చెబితే ఆవిడ నమ్మలేదు, "నాగేశ్వరరావుకి వేరే గొంతు కదా" అని వాదించారు.

కాబట్టి సినిమా పేరు, సుమారు సంవత్సరం, పాట మొదటి నాలుగు మాటలు రాసి ఇవ్వండి. నటుడి పేరు కూడా చెప్పండి, నాబోటివాడు ఎవరైనా ఉంటే అదీ పనికొస్తుంది. సుప్రభాతం కోరేవారికి ఒక మనవి: మా కోరిన పాటల కార్యక్రమం సాయంత్రం ఏడింటికి. వేంకటేశ్వరుణ్ణి ఆ వేళ నిద్ర లేపడానికి నాకు మనసొప్పదు. అన్నమయ్య కీర్తన దేనినైనా ఎంచుకుంటే సంతోషం.

మన ఊళ్లలో విన్న కోరిన పాటల కార్యక్రమానికీ దీనికీ తేడా ఏమిటి?

పద్ధతి ఒకటే. 1957లో మొదలైన వివిధభారతికి మనం కార్డు ముక్క మీద ఇంటిల్లిపాది పేర్లు రాసి పంపేవాళ్లం, పాట కన్నా ముందు పేర్ల కోసం చెవి ఒగ్గేవాళ్లం. బ్రిటన్‌లోనూ బీబీసీ 1946 నుంచి 1967 వరకు గృహిణుల కోసం అటువంటి కార్యక్రమమే నడిపింది. తేడా దూరంలో ఉంది. అక్కడ ఉత్తరం చదివేవారు ఎక్కడో ఉండేవారు. ఇక్కడ పాట వేసే మనిషి మధ్యాహ్నం మీ మంచం పక్కన కుర్చీలో కూర్చొని వెళ్లినవాడే.

నా పేరు, జబ్బు రేడియోలో చెబుతారా?

జబ్బు ఎన్నడూ చెప్పం. మొదటి పేరు, వార్డు పేరు మాత్రం, అదీ మీరు ఒప్పుకుంటేనే. "పాట వేయండి, పేరు వద్దు" అన్నా సరే.

దీనికి డబ్బు చెల్లించాలా?

అక్కరలేదు. రేడియోకు అయ్యే ఖర్చు, అంటే పరికరాలూ, పాటల హక్కుదారుల సంస్థలైన పీఆర్ఎస్, పీపీఎల్‌లకు కట్టే రుసుమూ, విరాళాల నుంచి వస్తుంది.

అందరి చేతిలో ఫోను ఉన్న రోజుల్లో దీనిని ఇంకా ఎవరైనా వింటున్నారా?

మునుపటంతమంది వినరు. ఈ మాట మావాళ్లలో కొందరికి రుచించదు. మంచం పక్క హెడ్‌ఫోన్లు చాలాచోట్ల పాడయ్యాయి, బాగున్న చోట రోగి తన ఫోనులో తనకు కావలసిన పాట తానే వెదుక్కుంటాడు. కొన్ని రేడియోలు ఇంటర్నెట్ మీదకు వచ్చాయి. దానితో ఇంట్లో ఉన్న బంధువులు కూడా వింటూ, అక్కడి నుంచే రోగికి పాట అంకితం ఇవ్వగలుగుతున్నారు. 2020లో కోవిడ్ కారణంగా వార్డులలోకి వెళ్లడం ఆగిపోయినప్పుడు మాకు కోరికలన్నీ అలాగే, ఫోనులోనూ ఈమెయిలులోనూ వచ్చాయి. సంఖ్యలో తగ్గలేదు కానీ ఒక తేడా కనిపించింది: అందరూ పాట పేరు స్పష్టంగా రాశారు. "ఏదైనా పరవాలేదు" అన్న చీటీ ఒక్కటీ రాలేదు. వార్డులలోకి మళ్లీ అడుగుపెట్టిన మొదటి రోజున మూడవ మంచం దగ్గరే ఆ మాట వినబడింది. కుర్చీ లాక్కొని కూర్చున్నాను.

పాట వేసే సమయానికి రోగి వార్డులో లేకపోతే ఏం చేస్తారు?

మధ్యాహ్నం రాసుకున్న చీటీలను సాయంత్రం ఆరున్నరకు మళ్లీ ఒకసారి వార్డులకు ఫోను చేసి సరిచూసుకోవడం మాకు నియమం. చాలామందిని ఈలోగా ఇంటికి పంపించి ఉంటారు. ఆ చీటీ మీద "ఇంటికి" అని రాసి, పాట మాత్రం వేస్తాం, వారి పక్క మంచం వారి పేరు మీద. వార్డు మారినవారికి కొత్త వార్డు పేరు చేర్చుతాం.

ఒక్కోసారి నర్సు కాసేపు ఆగి, "ఆ పాట ఈ రోజు వద్దు" అంటుంది. కారణం అడగం. ఆ చీటీని పక్కన పెట్టి తరువాతిది అందుకుంటాం. కుటుంబం వారు కొన్ని వారాల తరువాత స్టూడియోకు ఉత్తరం రాసి, ఆ సాయంత్రం ఏ పాట కోరారో చెప్పమని అడగడం రెండుసార్లు జరిగింది. అందుకే ఏ చీటీనీ సంవత్సరం దాటేదాకా పారేయం.